చెరిపేసినా ఖాళీ కాని జాగా
మెయిన్‌ఫ్రేమ్ లైబ్రరీలు డిస్కును వాడుకునే తీరుపై ఒక సమీక్ష

మెయిన్‌ఫ్రేమ్ లోకంలో కొన్ని తగాదాలు యంత్రాల కంటే ఎక్కువ కాలం బతికాయి. పార్టిషన్డ్ డేటాసెట్, అంటే అందరూ పీడీఎస్ అని పిలిచేది, డిస్కు మీద జాగాను ఎలా వాడుకుంటుంది, ఎంత పాడు చేస్తుంది, పాడైనదాన్ని ఎవరు శుభ్రం చెయ్యాలి అన్నది వాటిలో ఒకటి. 1960లలో పుట్టిన ఈ పద్ధతిలోనే ఇవాళ్టికీ ఎన్నో బ్యాంకుల, బీమా సంస్థల జేసీఎల్, కోబాల్ సోర్సు, కాపీబుక్కులు, సిస్టమ్ పారామీటర్లు నిలవుంటున్నాయి. వై2కే రోజుల్లో హైదరాబాదు అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ కోర్సులు చేసిన తరం జాగా అయిపోయినప్పుడు వచ్చే బీ37, డీ37, ఈ37 ఎర్రర్ల తేడాలను ఇంటర్వ్యూ ప్రశ్నలుగా బట్టీ పట్టింది. ఆ కోడ్ల వెనక ఉన్న కథ మాత్రం కోర్సుల్లో ఎక్కువగా చెప్పలేదు.

పైకి చూస్తే ఇది పాత పీడీఎస్‌కూ, దాని తర్వాత వచ్చిన పీడీఎస్‌ఈకీ మధ్య పోటీ. లోపలికి వెళితే అసలు ప్రశ్న వేరు. జాగా శుభ్రం చేసే పని రాసేటప్పుడే యంత్రం చెయ్యాలా, తర్వాత తీరిగ్గా మనిషి చెయ్యాలా? పని తప్పినప్పుడు ఆ తప్పు ఎవరి కంట పడాలి? రెండు పక్షాల వాదనలూ చివరికి ఈ రెండు ప్రశ్నల దగ్గరే తేలతాయి.

నిర్మాణం

పీడీఎస్ ఒకే డేటాసెట్. ముందు భాగంలో డైరెక్టరీ, ఆ వెనక మెంబర్లు, అంటే లోపలి విడివిడి ఫైళ్లు, వరసగా. విషయసూచిక ముందే కట్టేసిన ఖాతా పుస్తకం లాంటిదిది. పాత పద్దును దిద్దాల్సి వస్తే ఉన్నచోట దిద్దరు, పుస్తకం చివర కొత్తగా రాసి సూచికలో పేజీ నంబరు మారుస్తారు. పాత పద్దు పేజీలో అలాగే ఉంటుంది, దానికి దారి మాత్రం ఉండదు.

డైరెక్టరీ 256 బైట్ల బ్లాకులతో ఉంటుంది. ప్రతి బ్లాకుకూ 8 బైట్ల కీ. ఆ బ్లాకులో అక్షరక్రమంలో చివరగా వచ్చే మెంబరు పేరే ఆ కీ. బ్లాకులో మొదటి 2 బైట్లు ఎంత నిండిందో చెప్తాయి, మిగిలిన 254 బైట్లలో ఎంట్రీలు. ఒక్కో ఎంట్రీలో పేరుకు 8 బైట్లు, మెంబరు ఉన్న చోటుకు 3, ఇతర గుర్తులకు 1, ఆపైన వాడుకదారు సమాచారం 62 బైట్ల దాకా. ఏ గణాంకాలూ లేని మెంబరుకు 12 బైట్లు చాలు కాబట్టి బ్లాకుకు 21 పడతాయి. ఐఎస్‌పీఎఫ్ ఎడిటర్‌లో సేవ్ చేస్తే ఎవరు, ఎప్పుడు, ఎన్ని లైన్లు అన్న వివరాలకు ఇంకో 30 బైట్లు చేరతాయి, అప్పుడు బ్లాకుకు 6 మాత్రమే. అదే లైబ్రరీ, అదే డైరెక్టరీ, కానీ పట్టే మెంబర్ల సంఖ్య మూడో వంతు కంటే తక్కువకు పడిపోతుంది. స్పేస్ పారామీటరులో మూడో అంకెగా డైరెక్టరీ బ్లాకులు ఎన్నో అలొకేషన్ రోజే చెప్పెయ్యాలి, ఆ తర్వాత అది పెరగదు. నిండిన రోజున బీ14 అబెండ్‌తో ప్రోగ్రామ్ అర్ధాంతరంగా ఆగుతుంది, డేటాసెట్‌లో సిలిండర్లకు సిలిండర్లు ఖాళీగా ఉన్నా సరే.

మెంబరు చిరునామాకు ఇచ్చిన 3 బైట్లలో 2 ట్రాక్ నంబరుకు, 1 ఆ ట్రాక్‌లో రికార్డు నంబరుకు. పీడీఎస్ 65,535 ట్రాకులు దాటలేకపోవడానికి మూలం ఇక్కడుంది. ఇంకో హద్దు ఎక్స్‌టెంట్లది, అంటే డిస్కు మీద డేటాసెట్‌కు దక్కే విడి ముక్కలది, పదహారుకు మించి కుదరవు. వాల్యూమ్ విషయసూచిక వీటాక్‌లో డేటాసెట్ మొదటి రికార్డు 3 ఎక్స్‌టెంట్లను, దాని కొనసాగింపు రికార్డు 13 ఎక్స్‌టెంట్లను పట్టుకుంటాయి. పీడీఎస్‌కు దక్కేది అంతే. పైగా ఒక వాల్యూమ్ దాటి రెండోదాని మీదికి పాకలేదు.

డిస్కు మారింది, కొలత మారలేదు

1964 ఏప్రిల్ 7న ఐబీఎం సిస్టమ్/360ని ప్రకటించినప్పుడు దానితో వచ్చిన 2311 డిస్కు ప్యాక్‌లో పట్టేది 7.25 మెగాబైట్లు, ట్రాకుకు 3,625 బైట్లు. అంటే 80 బైట్ల పంచ్ కార్డులు ఒక ట్రాక్‌లో 45. డిస్కు కంటే మెమరీ ఇంకా ఖరీదు. అందుకే పీడీఎస్ రూపకర్తలు డైరెక్టరీని మెమరీలోకి తెచ్చి వెతికే దారి కాకుండా, వెతుకులాటను డిస్కు కంట్రోలర్‌కే అప్పగించే దారి ఎంచుకున్నారు. కౌంట్-కీ-డేటా పద్ధతిలో ప్రతి బ్లాకుకూ కీ ఉండటం దీనికే. ఛానల్ ప్రోగ్రామ్ ఒక పేరు పట్టుకుని 'దీనికి సమానమో, పెద్దదో అయిన కీ ఉన్న బ్లాకు దొరికేదాకా తిరుగు' అని ఆజ్ఞ ఇస్తుంది. మెమరీ ఆదా అయ్యింది, కానీ ఆ తిరిగినంతసేపూ ఛానల్, కంట్రోల్ యూనిట్ వేరేవాళ్లకు దొరకవు. 1960లకు అది తెలివైన బేరమే. 1970లలో లైబ్రరీలు వేల మెంబర్లకు పెరిగాక అదే గుదిబండ అయ్యింది. 1988లో వచ్చిన ఎంవీఎస్/ఈఎస్‌ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఎల్ఎల్ఏ, వీఎల్ఎఫ్ సదుపాయాలు ముఖ్యమైన లైబ్రరీల డైరెక్టరీలను, తరచు వాడే మాడ్యూళ్లను మెమరీలో అట్టేపెట్టడం మొదలుపెట్టాక ఆ నొప్పి చాలావరకు తగ్గింది.

డిస్కులు మాత్రం ఆగకుండా పెరిగాయి. 2314 ట్రాకులో 7,294 బైట్లు, 3330లో 13,030, 3350లో 19,069, 3380లో 47,476, 3390లో 56,664. ఇక్కడితో జ్యామితి ఆగిపోయింది. 1990లలో సిమెట్రిక్స్, ఐస్‌బర్గ్, రామాక్ లాంటి రెయిడ్ శ్రేణులు వచ్చాక 3390 అన్నది ఒక నటన: లోపల మామూలు డిస్కులు, ఇప్పుడైతే ఫ్లాష్, బయటికి మాత్రం సిలిండరుకు 15 ట్రాకుల పాత ముఖం. వీఎం, వీఎస్ఈ సిస్టములు 1979 నాటి 3310, 3370 స్థిర బ్లాకు డిస్కులను ఒప్పుకున్నాయి గానీ ఎంవీఎస్ ఒప్పుకోలేదు. బ్లాకుల మధ్య ఉండే ఖాళీలు ఇప్పుడు అయస్కాంతపు పూత మీద లేవు, లెక్కల సూత్రంలో ఉన్నాయి. అయినా ట్రాకులో ఎన్ని బ్లాకులు పడతాయో తేల్చేది ఆ సూత్రమే, సంస్థలో ఎవరికి ఎంత జాగా ఇవ్వాలో తేల్చేది ఆ ట్రాకులే. లేని ఖాళీలకు లెక్క కట్టడం విడ్డూరంగా అనిపించొచ్చు. అరవై ఏళ్ల నాటి ప్రోగ్రాములు మార్చకుండా నడవాలన్న పట్టుదలకు కట్టే వెల అది.

బ్లాక్‌సైజ్ వాదం

ఈ తగాదాలో అంకెల సాయంతో తేలిపోయిన భాగం ఏదైనా ఉందంటే అది బ్లాక్‌సైజ్. అదీ సగమే.

80 బైట్ల రికార్డులను బ్లాకు చెయ్యకుండా ఒక్కొక్కటే రాస్తే 3390 ట్రాకులో 78 పడతాయి. ప్రతి బ్లాకుకూ దాని కౌంట్ భాగం, ఖాళీలు తోడవుతాయి కాబట్టి ట్రాకులో దాదాపు తొమ్మిదింట ఎనిమిది వంతులు వాటికే పోతుంది. పాత లైబ్రరీల్లో ఇంకా కనిపించే 3,120 బైట్ల బ్లాకుతో 585 లైన్లు, 6,160తో 616 లైన్లు పడతాయి. సగం ట్రాక్‌కు సరిపోయే 27,920తో 698. అందుకే '3390కి సగం ట్రాక్' అన్నది సూత్రమైపోయింది. బ్లాక్‌సైజ్‌ను సిస్టమే నిర్ణయించే సదుపాయం వచ్చాక అదే అలవాటుగా స్థిరపడింది. పెద్ద బ్లాకు అయితే ఇంకా మంచిదేమో అనుకుని 32,720 ఇస్తే ట్రాకుకు ఒక్క బ్లాకే పడుతుంది, 42 శాతం దాకా వృథా.

ఇదంతా సీక్వెన్షియల్ ఫైళ్లకు నిర్వివాదం. పీడీఎస్ దగ్గరికి వచ్చేసరికి సూత్రం కొద్దిగా తడబడుతుంది, కారణం మెంబర్లు పొట్టివి. ప్రతి మెంబరూ కొత్త బ్లాకుతో మొదలై, చివర సున్నా పొడవు రికార్డుతో ముగుస్తుంది. 3390 సూత్రం ప్రకారం ఆ ఖాళీ ముగింపు గుర్తుకు కూడా 80 బైట్ల రికార్డుకు పట్టినంత చోటు ఇంచుమించు పడుతుంది. ఒక చిలిపి ఉదాహరణ చూద్దాం. ఒక లైబ్రరీలో ప్రతి మెంబరూ సరిగ్గా 349 లైన్లు, అంటే ఒక్క నిండు సగం ట్రాక్ బ్లాకు. ట్రాకుకు రెండు మెంబర్లు పడాలి కదా. పడవు. మొదటి మెంబరు ముగింపు గుర్తు మధ్యలో దూరడంతో రెండో బ్లాకుకు చోటు చాలదు, తర్వాతి ట్రాకుకు పోతుంది. ప్రతి ట్రాకులోనూ దాదాపు సగం ఖాళీ. ఇంత దురదృష్టం నిజ జీవితంలో అరుదే. కానీ మెంబర్ల పొడవులు ఎలా ఉన్నాయో చూడకుండా బ్లాక్‌సైజ్ మీద తీర్పు చెప్పకూడదని ఇది నిరూపిస్తుంది.

ఎక్జిక్యూటబుళ్లు ఉండే లోడ్ లైబ్రరీల సంగతి మళ్లీ వేరు. అక్కడ సలహా తలకిందులు: 32,760 ఇవ్వాలి. లింకేజ్ ఎడిటర్, దాని తర్వాత వచ్చిన బైండర్, ట్రాకులో ఎంత మిగిలిందో అడిగి తెలుసుకుని దానికి తగ్గ పొడవుతో బ్లాకు రాస్తాయి. కాబట్టి బ్లాక్‌సైజ్ అక్కడ పై హద్దు మాత్రమే, ఎంత పెద్దదైతే ట్రాకు అంత బాగా నిండుతుంది. పాత చిన్న బ్లాకులతో మిగిలిపోయిన లోడ్ లైబ్రరీలను కాపీ యుటిలిటీ ఐఈబీకాపీలోని కాపీమాడ్ ఆజ్ఞ తిరగరాస్తుంది. సోర్సుకు ఒక నియమం, లోడ్‌కు ఇంకొకటి అన్న ఈ తేడా తెలియక రెండింటికీ ఒకే అంకె రుద్దిన సంస్థల ప్రమాణ పత్రాలకు కొదవలేదు.

చచ్చిన జాగా

పీడీఎస్ మీద అసలు ఫిర్యాదు ఇదే. మెంబరును సేవ్ చేసిన ప్రతిసారీ కొత్త ప్రతి చివర చేరుతుంది, పాత ప్రతి చోటు చచ్చుబడుతుంది. మెంబరును డిలీట్ చేసినా అంతే, డైరెక్టరీలో పేరు పోతుంది గానీ జాగా తిరిగి రాదు. ఆ జాగాను 'గ్యాస్' అనడం పాతవాళ్ల అలవాటు. లైబ్రరీలో సగం ఖాళీ అని అనుకుంటుండగానే ఒకరోజు రాత్రి బ్యాచ్ మధ్యలో ఈ37 వస్తుంది. అదనపు (సెకండరీ) జాగా అడగకపోతే వచ్చేది డీ37. అడిగినా వాల్యూమ్‌లో చోటు లేకో, ఎక్స్‌టెంట్లు అయిపోయో వచ్చేవి బీ37, ఈ37. పీడీఎస్‌లకు ఎక్కువగా తగిలేది చివరిదే.

మందు ఐఈబీకాపీ కంప్రెస్. మెంబర్లను ఒక్కొక్కటే ముందుకు జరిపి, చచ్చిన జాగానంతా వెనక్కి నెట్టి, కలిపి ఖాళీ చేస్తుంది. కానీ ఇది డేటాసెట్‌ను దాని మీదే తిరగరాయడం. మధ్యలో సిస్టమ్ పడిపోతే డైరెక్టరీ ఒకటి చెప్తుంది, ట్రాకుల్లో ఇంకొకటి ఉంటుంది. ముందు బ్యాకప్ తీసుకో, డేటాసెట్‌ను ఇంకెవరూ వాడకుండా పట్టుకో అన్న హెచ్చరిక మాన్యువల్‌లో అందుకే ఉంది. సిస్టమ్ ప్రోగ్రాముల కోసం వెతికే లింక్‌లిస్ట్‌లో ఉన్న లైబ్రరీని కంప్రెస్ చేస్తే ప్రమాదం ఇంకా పెద్దది. ఎల్ఎల్ఏ మెమరీలో పాత చిరునామాలే ఉంటాయి, రిఫ్రెష్ చేసేలోగా ఎవరైనా ప్రోగ్రామ్ పిలిస్తే ఆ చిరునామాలో ఇప్పుడు వేరే ఏదో ఉంటుంది.

రాయడంలోనూ ఇదే తరహా బలహీనత. ఒకేసారి ఇద్దరు ఒకే పీడీఎస్‌లో రెండు వేర్వేరు మెంబర్లను రాయడానికి దాని నిర్మాణం ఒప్పుకోదు, ఎందుకంటే ఇద్దరి 'చివర' ఒకటే. ఐఎస్‌పీఎఫ్ తన వాడుకదారుల మధ్య వరస పాటిస్తుంది. రెండో ఓపెన్‌ను 213-30 అబెండ్‌తో ఆపే కాపలా కూడా ఉంది. ఈ కాపలాలు అందని దారుల్లో ఒకరి మెంబరులో ఇంకొకరి లైన్లు దొరికిన కథలు ఈ వృత్తిలో చాలానే తిరుగుతాయి.

ఇంతకీ చచ్చిన జాగా పూర్తిగా నష్టమేనా? కాదనే పక్షం ఒకటుంది. వాళ్ల వాదన తోసిపుచ్చదగ్గది కాదు. పాత ప్రతి అక్కడే ఉంటుంది కాబట్టి కంప్రెస్ జరిగేలోపు దాన్ని వెతికి తేవచ్చు. పొరపాటున డిలీట్ చేసిన మెంబర్లను ఇలా బతికించే ఉపకరణాలు చాలా ఏళ్లుగా ఉన్నాయి, చాలా ఉద్యోగాలను అవి కాపాడాయి కూడా.

పీడీఎస్‌ఈ ఇచ్చిన మాట

1990 ప్రాంతాల్లో ఐబీఎం పీడీఎస్‌ఈని తెచ్చింది. వాడేవాళ్లకు అదే పీడీఎస్‌లా కనిపిస్తుంది, లోపల పోలికే లేదు. డేటాసెట్ అంతా 4,096 బైట్ల పేజీలు. డైరెక్టరీ ముందు భాగంలో కట్టేసి ఉండదు, సూచీ చెట్టులా డేటాసెట్ అంతటా పరుచుకుని అవసరం కొద్దీ పెరుగుతుంది. చెరిపిన మెంబరు పేజీలు తిరిగి వాడకానికి వస్తాయి. ఎక్స్‌టెంట్లు 123 దాకా. వేర్వేరు మెంబర్లను ఒకేసారి పలువురు రాయవచ్చు. కంప్రెస్ అడిగితే ఐఈబీకాపీ చెయ్యాల్సిన పనేమీ లేదని ఊరుకుంటుంది. బ్లాక్‌సైజ్ కూడా ప్రోగ్రాములకు చూపించే ముసుగు మాత్రమే. డిస్కు మీద 3390 ట్రాకుకు 12 పేజీలు, అంతే.

అంటే ఐబీఎం స్థిర బ్లాకు డిస్కులను ఎంవీఎస్‌లోకి ముందు తలుపు నుంచి రానివ్వలేదు గానీ, 4కే పేజీల రూపంలో వెనక తలుపు నుంచి రానిచ్చింది. డీబీ2, యునిక్స్ ఫైళ్ల జెడ్ఎఫ్ఎస్ కూడా పేజీల లెక్కలోనే ఆలోచిస్తాయి. ట్రాకు లెక్క బయటి పొర, లోపల పేజీ లెక్క.

తర్వాత ప్రోగ్రామ్ ఆబ్జెక్టులు వచ్చాయి. పాత లోడ్ మాడ్యూల్‌కు 16 మెగాబైట్ల హద్దు ఉంటే వీటికి 1 గిగాబైటు. ఇవి పీడీఎస్‌ఈలోనో, యునిక్స్ ఫైళ్లలోనో ఉండగలవు, పీడీఎస్‌లో పట్టవు. చాలాకాలం ఇది ఐచ్ఛికమే. 2013లో ఎంటర్‌ప్రైజ్ కోబాల్ 5 వచ్చి ఎక్జిక్యూటబుల్ లైబ్రరీ పీడీఎస్‌ఈ అయి తీరాలని షరతు పెట్టేసరికి తగాదా సిద్ధాంతం నుంచి వీధికెక్కింది. కోబాల్ 4.2కి మద్దతు 2022 ఏప్రిల్‌లో ఆగిపోవడంతో తటపటాయించే గడువూ తీరింది. చాలా సంస్థలు పీడీఎస్‌ఈకి మారింది జాగా కోసం కాదు, కంపైలర్ పట్టుబట్టినందుకు. జాగా వాదనలో గెలుపోటములు మాట్లాడేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అనుమానాల చిట్టా

పీడీఎస్‌ఈని నమ్మనివాళ్లకు కారణాలు లేకపోలేదు. పీడీఎస్‌ను చదవడానికి యాక్సెస్ మెథడ్ చాలు. పీడీఎస్‌ఈ పనిచెయ్యాలంటే ఎస్ఎంఎస్‌పీడీఎస్‌ఈ అనే అడ్రస్ స్పేస్ నడుస్తుండాలి. అది తన లాచీలతో (తాళాలతో), మెమరీ బఫర్లతో మధ్యవర్తిగా కూర్చుంటుంది. తొలి ఏళ్లలో లాచీ ఒకటి ఇరుక్కుపోతే దాన్ని విడిపించడానికి సిస్టమ్‌నే ఐపీఎల్ (రీబూట్) చెయ్యాల్సి వచ్చేది. తర్వాత రీస్టార్ట్ చెయ్యగల రెండో అడ్రస్ స్పేస్, లాచీలను విడిపించే ఆపరేటర్ ఆజ్ఞలు వచ్చాయి. మొదట్లో స్టోరేజి నిర్వహణ వ్యవస్థ ఎస్ఎంఎస్ ఏలుబడిలోని వాల్యూమ్‌ల మీదే పీడీఎస్‌ఈ ఉండాలన్న నియమం ఉండేది, అదీ తర్వాత సడలింది.

పంచుకోవడం దగ్గర పేచీ ఇంకా ఉంది. ఒకే సిస్‌ప్లెక్స్‌లోని, అంటే ఒక జట్టుగా నడిచే, సిస్టముల మధ్య పీడీఎస్‌ఈని భద్రంగా పంచుకోవచ్చు. దాని హద్దు దాటి, డిస్కు కనిపిస్తోంది కదా అని ఇంకో సిస్టమ్ నుంచి రాస్తే నిర్మాణం చెడిపోతుంది, 0ఎఫ్4 అబెండ్లు మొదలవుతాయి. పీడీఎస్‌కూ ఇలాంటి ప్రమాదం ఉంది. కానీ పీడీఎస్ చెడితే సాధారణంగా చెడేది ఒకట్రెండు మెంబర్లు, అనుభవం ఉన్నవాళ్లు డంపు తీసి ట్రాకులు చదివి బాగు చేసుకోగలరు. పీడీఎస్‌ఈ సూచీ చెడితే మొత్తం లైబ్రరీయే చదవడానికి రాకపోవచ్చు, మామూలు సిస్టమ్స్ ప్రోగ్రామర్‌కు దాని లోపలి లెక్క అర్థం కాదు. ఈ వాదనలో భయం కొంత, నిజం ఎక్కువ.

సిస్టమ్ లేచే తొలి నిమిషాల సంగతైతే అసలు వాదనే లేదు. ఎస్‌వైఎస్1.న్యూక్లియస్ లాంటి లైబ్రరీలు పీడీఎస్‌లుగానే ఉండాలి, ఎందుకంటే వాటిని చదివే వేళకు పీడీఎస్‌ఈ అడ్రస్ స్పేస్ ఇంకా పుట్టి ఉండదు.

తిరిగి వాడకానికి వస్తుందన్న జాగా సంగతిలోనూ ఒక మెలిక ఉంది. ఒక మెంబరును ఎవరో చదువుతుండగా ఇంకొకరు దాన్ని మార్చినా, చెరిపినా పాత పేజీలు వెంటనే విడుదల కావు, చదివేవాళ్ల సంబంధం తెగేదాకా పెండింగ్‌లో ఉంటాయి. రోజులకొద్దీ ఆగకుండా నడిచే ప్రోగ్రాములు తెరిచి ఉంచిన లైబ్రరీలో ఇది పేరుకుంటుంది. వాడకం శాతం 100 చూపిస్తోంది, మెంబర్లు మాత్రం పెరగలేదు అన్న ఫిర్యాదులకు మూలం చాలాసార్లు ఇదే.

కొలిచి చూస్తే

రెండింటినీ పక్కపక్కన పెట్టి జాగా ఒక్కటే కొలిస్తే తీర్పు మెంబరు పొడవును బట్టి మారుతుంది. కింది లెక్క 80 బైట్ల రికార్డులది, డైరెక్టరీని పక్కన పెట్టి, 3390 సూత్రంతో వేసినది.

పది లైన్ల చిట్టి జేసీఎల్ మెంబర్లయితే పీడీఎస్ ట్రాకుకు 27 పడతాయి. పీడీఎస్‌ఈలో ఎంత చిన్న మెంబరైనా ఒక పూర్తి పేజీ తీసుకుంటుంది కాబట్టి 12కు మించవు. ఇక్కడ పాతదే గెలుపు, అదీ రెట్టింపు కంటే ఎక్కువ తేడాతో. ఇందాకటి 349 లైన్ల మెంబర్లయితే పీడీఎస్‌లో 12 ట్రాకులకు 12 మెంబర్లు. పీడీఎస్‌ఈలో మెంబరుకు 7 పేజీలు, 12 ట్రాకుల్లో 144 పేజీలు, అంటే 20 మెంబర్లు. ఇక్కడ కొత్తది. చాలా పొడవైన మెంబర్లలో పీడీఎస్ మళ్లీ ముందుకొస్తుంది: సగం ట్రాక్ బ్లాకులతో ట్రాకుకు 55,840 బైట్లు, పీడీఎస్‌ఈ పేజీలతో 49,152, తేడా సుమారు 12 శాతం.

ఇదంతా కదలని లైబ్రరీ లెక్క. ఒక్కసారి నింపి, ఆపైన చదవడమే తప్ప రాయని లైబ్రరీలో చచ్చిన జాగా పుట్టదు, కాబట్టి ఈ అంకెలే చివరి మాట. రోజూ పదుల మంది ఎడిట్ చేసే లైబ్రరీలో ఇవి పూచికపుల్లతో సమానం. అక్కడ లెక్కలోకి వచ్చేది కంప్రెస్ ఎన్నాళ్లకు, ఎవరు, ఏ వేళకు చేస్తారన్నదే. ఈ రెండు రకాల లైబ్రరీలను కలిపి మాట్లాడటం వల్లే వాదన ఇన్నాళ్లు సాగిందని ఈ సమీక్షకుడి అభిప్రాయం. ఒక పక్షం కదలనిదాన్ని కొలిచి చూపిస్తుంది, ఇంకో పక్షం కదిలేదాన్ని వేలెత్తి చూపిస్తుంది, ఇద్దరి అంకెలూ ఒప్పే.

రెండూ వద్దనేవాళ్లు

మూడో దారి ఎప్పుడూ ఉంది. ప్యాన్‌వాలెట్, లైబ్రేరియన్ లాంటి ఉత్పత్తులు సోర్సును తమ సొంత రూపంలో కుదించి దాచి, పీడీఎస్‌ను పూర్తిగా పక్కకు నెట్టాయి. జాగా ఆదా వాటి ముఖ్యమైన ప్రచారం. డిస్కు చవకయ్యాక ఆ ఆకర్షణ తగ్గింది, వెర్షన్లు, అనుమతులు, మార్పుల చరిత్ర పైకొచ్చాయి. ఇప్పుడు అదే పాత్రను గిట్ పోషిస్తోంది. సోర్సు యునిక్స్ ఫైళ్లలో, బిల్డ్ వేళకు మాత్రం కంపైలర్ చదువుకోవడానికి పీడీఎస్‌ఈలోకి ఒక కాపీ. ఈ దారిలో పీడీఎస్ జాగా తగాదా పరిష్కారం కాదు, అప్రస్తుతం అవుతుంది. కాకపోతే సోర్సు సంగతే అది. లోడ్ లైబ్రరీలు, ప్రొక్‌లిబ్, పార్మ్‌లిబ్ ఎక్కడికీ పోలేదు.

స్టోరేజి పనివాళ్ల మాట ఇంకోటి. వెనక ఉన్న పెట్టె కుదిస్తుంది, వాడని భాగానికి అసలు చోటే ఇవ్వదు, ట్రాకుల గురించి ఈ బెంగ దేనికి? సగం నిజం. వాల్యూమ్ మీద రాయని ట్రాకుకు లోపల చోటు లేకపోవచ్చు. కానీ చచ్చిన మెంబరు ఉన్న ట్రాకు ఆ పెట్టె దృష్టిలో రాసిన ట్రాకే. అది చచ్చిందని పీడీఎస్ డైరెక్టరీకి తప్ప ఎవరికీ తెలియదు.

తేలనివి

పాత హద్దుల్లో కొన్ని ఇప్పుడు కొత్తగా తగులుతున్నాయి. 3390 మోడల్ 3 వాల్యూమ్ మొత్తం కలిపినా 50,085 ట్రాకులే కాబట్టి 65,535 హద్దును ఎవరూ ముట్టుకోలేదు. మోడల్ 9లో 1,50,255 ట్రాకులు. ఆ తర్వాత 65,520 సిలిండర్ల వాల్యూమ్‌లు, 2008 నుంచి అంతకంటే పెద్దవి వచ్చాయి. వాల్యూమ్ ఎంత పెరిగినా పీడీఎస్ మాత్రం తన 4,369 సిలిండర్ల దగ్గరే ఆగుతుంది. దాన్ని పెంచాలంటే 3 బైట్ల చిరునామాను మార్చాలి. దాన్ని నమ్ముకుని రాసిన ప్రోగ్రాములు ఎన్ని ఉన్నాయో లెక్క తీసేవాళ్లు లేరు, అందుకే ఎవరూ ముట్టుకోరు.

నమ్మకం ప్రశ్న కూడా తేలలేదు. పీడీఎస్‌ఈ ఇప్పుడు మునుపటి కంటే చాలా గట్టిపడింది. అయినా జాగ్రత్తగల చాలా చోట్ల ఏది పీడీఎస్, ఏది పీడీఎస్‌ఈ అన్న జాబితాను ఇంకా చేత్తోనే నిర్ణయిస్తున్నారు. సిస్టమ్ లేవడానికి కావలసినవీ, సిస్‌ప్లెక్స్ హద్దు దాటి పంచుకునేవీ పాత పద్ధతిలో. డెవలపర్లు నిత్యం రాసేవీ, కొత్త కోబాల్ ఎక్జిక్యూటబుళ్లూ కొత్త పద్ధతిలో. ఈ విభజన సబబే అనిపిస్తుంది. మొత్తాన్ని ఒకేవైపు నెట్టాలనే ప్రాజెక్టులకు ఎదురయ్యే చిక్కులు ఎక్కువగా ఈ రెండు అంచుల దగ్గరే.

చివరిది జెనరేషన్ల సంగతి. 2013లో జెడ్/ఓఎస్ 2.1తో వచ్చిన పీడీఎస్‌ఈ రెండో వెర్షన్‌లో మెంబరు పాత ప్రతులను పారెయ్యకుండా నంబర్లు వేసి దాచుకోవచ్చు. పీడీఎస్ అనుకోకుండా చేసిన పనినే ఇది అడిగి చేస్తుంది. తేడా ఏమిటంటే, పీడీఎస్‌లో పాత ప్రతులు కంప్రెస్‌తో ఒక్కసారిగా పోయేవి, ఇందులో మాక్స్‌జెన్స్ అంకె దాటేదాకా ఉంటాయి. ఆ అంకె ఎంత ఉండాలి, దాన్ని పెట్టేది ప్రోగ్రామర్లా, స్టోరేజి వాళ్లా, గిట్‌లో చరిత్ర ఎలాగూ ఉన్నచోట అసలు అవసరమా అన్నవాటికి సంస్థకో జవాబు. ఎక్కువ పెడితే పది లైన్ల మెంబరు కూడా సేవ్ చేసిన ప్రతిసారీ ఒక కొత్త పేజీ తింటుంది, సున్నా పెడితే రాత్రి పొరపాటున చెరిపినదాన్ని పొద్దున తేవడానికి బ్యాకప్ టేపు వెతుక్కోవాలి.